కొత్త నర్స్ ప్రాక్టీషనర్ లక్ష్యాలు: మొదటి రెండేళ్లు మిమ్మల్ని సరిదిద్దేది ఎవరు?

మీ ప్రశ్న ముందుగా నాకు అర్థమైనట్టు చెబుతాను. అమెరికాలో ఆస్పత్రి వార్డులో చాలా ఏళ్లుగా నర్సుగా పనిచేస్తున్నారు. మే నెలలో ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్ చదువు, అంటే రోగిని పరీక్షించి జబ్బు తేల్చి మందులు రాసే నర్సుగా మారే చదువు, పూర్తవుతుంది. ఏడాదిలో సర్టిఫికేషన్, మంచి జీతం, మూడేళ్లలో సొంతంగా చూసుకునే రోగుల ప్యానెల్, ఐదేళ్లలో డాక్టరేటు, ఆ తర్వాత సొంత క్లినిక్ అని లక్ష్యాలు రాసుకున్నారు. చేతిలో రెండు ఆఫర్లు ఉన్నాయి. ఎక్కువ జీతమిచ్చే అర్జెంట్ కేర్ (ముందుగా అపాయింట్‌మెంట్ లేకుండా అప్పటికప్పుడు వెళ్లే క్లినిక్) ఒకటి, తక్కువ జీతమిచ్చే కమ్యూనిటీ హెల్త్ సెంటర్ (వైద్యం సరిగా అందని పేదవారిని చూసే క్లినిక్) ఒకటి. ‘కాలేజీకి ఇవ్వాల్సిన కాగితం ఎలాగోలా రాసేస్తాను, నిజంగా నాకోసం లక్ష్యాలు ఎలా పెట్టుకోవాలి?’ అన్నది మీ ప్రశ్న. నేను చాలాకాలంగా, రోగి ఏ జబ్బుకైనా ముందుగా వచ్చే ప్రైమరీ కేర్‌లో ఇదే పని చేస్తున్నాను, విద్యార్థులకు పక్కనుండి పని నేర్పే ప్రిసెప్టర్‌గానూ ఉంటున్నాను. జవాబు పొడుగవుతుంది, కాస్త ఓపిక పట్టండి.

మీ జాబితాలో తప్పేమీ లేదు. అయితే అందులో ఉన్నవన్నీ పేరు పక్కన రాసుకునేవి, గోడకు తగిలించుకునేవి. సోమవారం ఉదయం ఎనిమిదింటికి మొదటి రోగి గదిలోకి అడుగుపెట్టినప్పుడు మీరు ఏం చేయగలగాలో అందులో ఎక్కడా లేదు. నన్నడిగితే మొదటి రెండేళ్లకు ఒక్క లక్ష్యం చాలు: నా నిర్ణయాలను ఎవరో ఒకరు క్రమం తప్పకుండా చూసి సరిదిద్దే చోట పనిచేయాలి. జీతం, ఊరు, స్పెషాలిటీ, డాక్టరేటు, అన్నిటినీ ఈ గీటురాయి మీద పెట్టి చూడండి. చాలా చిక్కులు వాటంతటవే విడిపోతాయి.

ఎందుకంటారా? వార్డులో మీరు అనుభవజ్ఞురాలు. రోగి ముఖం చూసి ఏదో తేడాగా ఉందని పసిగట్టగలరు, సకాలంలో డాక్టరుకు ఫోన్ చేయగలరు. ఎన్నో ప్రాణాలు అలా నిలబడ్డాయి. కానీ ఆ ఫోన్ ఎత్తేవారి స్థానంలోకి ఇప్పుడు మీరు వెళ్తున్నారు. పాత నైపుణ్యం వృథా కాదు, అయితే అది ఒక్కటే చాలదు. మొదటి ఏడాదిలో చాలామంది ‘అసలు నాకేమైనా వచ్చా’ అని బెంగపడేది ఇందుకే. బాగా చదివినవారు, ఐసీయూలో పండిపోయినవారు కూడా ఈ బెంగకు మినహాయింపు కాదు.

ఒక సాయంత్రాన్ని ఊహించుకోండి. శుక్రవారం, నాలుగున్నర. ఇన్‌బాక్స్‌లో రక్తపరీక్ష ఫలితం వచ్చింది. అరవై ఎనిమిదేళ్ల మనిషి, మధుమేహం, రక్తపోటు ఉన్నాయి. పొటాషియం 5.9, ఉండాల్సినదానికన్నా ఎక్కువ. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పోయినసారి 1.1, ఇప్పుడు 1.6. నమూనాలో రక్తకణాలు చిట్లిన గుర్తులేమీ లేవని ల్యాబ్ వాళ్లు రాశారు, అంటే పొటాషియం నిజంగానే పెరిగింది, అంకెను కొట్టిపారేయడానికి వీల్లేదు. మందుల జాబితా తెరిస్తే ఎప్పటినుంచో వాడుతున్న లిసినోప్రిల్ కింద కొత్త పేరు కనబడింది: మూడు వారాల కిందట గుండె డాక్టరు మొదలుపెట్టిన స్పైరోనోలాక్టోన్. రెండూ పొటాషియాన్ని పెంచే మందులే, అది మరీ పెరిగితే గుండె లయ తప్పుతుంది. రోగికి ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. క్లినిక్ ఐదింటికి మూసేస్తారు. సోమవారం మళ్లీ పరీక్ష చేయిద్దామా? ఈ రాత్రికే ఎమర్జెన్సీకి పంపి ఈసీజీ తీయించాలా? మందులు ఆపమని ఎవరు చెప్పాలి, మీరా, గుండె డాక్టరా? రోగి ఫోన్ ఎత్తకపోతే ఇంట్లో ఇంకెవరి నంబరుంది?

నేనైతే ఆ రెండు అంకెలు కలిసి మారిన తీరు చూసి ఆ రాత్రికే పంపిస్తాను, రెండు మందులూ వేసుకోవద్దంటాను, రోగి గానీ ఇంట్లోవాళ్లు గానీ దొరికేదాకా ఫోన్ వదలను. మీకూ పాఠంలో ఇది తెలుసు. పరీక్షలో అడిగితే తప్పకుండా సరిగ్గా రాస్తారు. తేడా ఎక్కడ వస్తుందంటే, ఆ నిమిషంలో మరో ఇరవై ఫలితాలు, పూర్తికాని ఆరు చార్టులు (రోగుల రికార్డులు), తలుపు దగ్గర నిలబడి పిలుస్తున్న మెడికల్ అసిస్టెంట్ ఉంటారు. పక్క గదిలో ‘ఒక్క నిమిషం ఇది చూడండి’ అని అడగగలిగే మనిషి ఉంటే మీరు ఆ రోజు ఒక విషయం శాశ్వతంగా నేర్చుకుంటారు. లేకపోతే రాత్రంతా నిద్ర పట్టదు, నేర్చుకున్నది సరైనదో కాదో కూడా తెలియదు.

కాబట్టి ‘ఏడాదిలో సమర్థురాలైన నర్స్ ప్రాక్టీషనర్ కావాలి’ అనే వాక్యాన్ని కొట్టేసి ఇలా రాసుకోండి: ‘ఆరో నెల నాటికి ఇన్‌బాక్స్‌లోని ఫలితాల్లో ఇప్పుడే చూడాల్సినవి, రేపటిదాకా ఆగగలిగేవి, తర్వాతి విజిట్‌లో మాట్లాడదగ్గవి నేనే వేరుచేయగలగాలి. అనుమానం వచ్చినవాటిని వారానికోసారి సీనియరుతో కూర్చుని చూసుకోవాలి.’ కాలేజీవాళ్లు కొలవదగ్గ లక్ష్యం కావాలంటారు కదా, ఇది కొలవదగ్గదే. విద్యార్థులు సాధారణంగా కొలిచేది రోజుకు ఎంతమంది రోగులను చూడగలను అన్న లెక్క. ఆ లెక్క క్లినిక్ మేనేజరు ఎలాగూ చూసుకుంటారు, మీరు శ్రమపడక్కర్లేదు.

ఇంకో పద్ధతి చెబుతాను, నా దగ్గర శిక్షణకు వచ్చిన ఒక అమ్మాయి దగ్గర చూసింది. చిన్న నోటుబుక్కులో రోజూ ఒకటో రెండో కేసులు, పేరూ పుట్టినతేదీ ఏవీ లేకుండా, మూడు గడుల్లో రాసుకునేది. ఒక పేజీలో ఇలా ఉంది: ‘ఆరు వారాలుగా పొడిదగ్గు. నేను అనుకున్నది: అలర్జీ. తేలింది: రక్తపోటుకు లిసినోప్రిల్ వాడుతున్నారు, దగ్గు దానివల్ల. నేను అడగనిది: కొత్తగా ఏ మందైనా మొదలుపెట్టారా?’ మూడో గడి చూశారా? కొన్ని నెలల పేజీలు తిప్పితే తాను ఏ ప్రశ్న మళ్లీ మళ్లీ మరిచిపోతోందో తనకే కనబడింది. తర్వాతి మూడు నెలల లక్ష్యం అక్కడినుంచే వచ్చింది. ప్రొఫెసర్లు ఇచ్చే ఏ నమూనా పత్రంకన్నా ఇది మేలు. ఈ అలవాటు చదువు పూర్తికాకముందే, చివరి క్లినికల్ రోజుల్లోనే మొదలుపెట్టండి.

ఇప్పుడు ఉద్యోగం. ఇంటర్వ్యూలో అందరూ ‘కొత్తవాళ్లకు బాగా సాయం చేస్తాం’ అనే అంటారు. ఆ మాటను నమ్మనూ వద్దు, కాదనీ అనొద్దు, వివరాలు అడగండి. మొదటి నెలలో రోజుకు ఎంతమంది రోగులు, మూడో నెలలో ఎంతమంది, ఆరో నెలలో ఎంతమంది? నేను ఉన్న రోజుల్లో అదే భవనంలో డాక్టరు గానీ సీనియర్ నర్స్ ప్రాక్టీషనర్ గానీ ఉంటారా, ఫోన్‌లో మాత్రమే దొరుకుతారా? నా చార్టులు ఎవరు చూస్తారు, చూసి నాతో మాట్లాడతారా, సంతకం చేసి ఊరుకుంటారా? ఇన్‌బాక్స్ చూసుకోవడానికి షెడ్యూలులో వేళ కేటాయిస్తారా, ఇంటికెళ్లాక చూసుకోవాలా? ఈ స్థానంలో నాకు ముందు పనిచేసినవారు ఎందుకు వెళ్లిపోయారు? చివరి ప్రశ్నకు జవాబు చెప్పేటప్పుడు ఎదుటివారి ముఖం చూడండి. అవకాశమిస్తే ఒక పూట అక్కడి నర్స్ ప్రాక్టీషనర్ వెంట తిరగండి. మధ్యాహ్నానికి ఆమె భోజనం చేసిందో లేదో చూస్తే మీకు చాలావరకు తెలిసిపోతుంది.

మీ రెండు ఆఫర్ల సంగతి. అర్జెంట్ కేర్ చెడ్డ పని కాదు, అక్కడ నేర్చుకునేది చాలానే ఉంది. కానీ చాలా చోట్ల సాయంత్రాలు, వారాంతాల్లో ఒక నర్స్ ప్రాక్టీషనర్, ఒక ఎక్స్‌రే టెక్నీషియన్, ఒక మెడికల్ అసిస్టెంట్ మాత్రమే ఉంటారు. ఎక్స్‌రే ముందు మీరే చూసి నిర్ణయం తీసుకోవాలి, రేడియాలజిస్ట్ నివేదిక తర్వాతెప్పుడో వస్తుంది. ఛాతీనొప్పితో వచ్చినవారిని అంబులెన్సు ఎక్కించాలా, ఇంటికి పంపాలా అన్నదీ మీరే తేల్చాలి. పైగా అక్కడికి వచ్చిన రోగి మళ్లీ కనబడడు. మీరిచ్చిన మందు పనిచేసిందో లేదో మీకు తెలిసే దారే లేదు. ప్రైమరీ కేర్‌లో అదే రోగి రెండు వారాల తర్వాత తిరిగొచ్చి మీ ఎదుట కూర్చుంటాడు. మీ నిర్ణయాన్ని సరిదిద్దేవారిలో ఆ రోగి కూడా ఒకరు. రెండేళ్లు అలా పనిచేశాక అర్జెంట్ కేర్‌కు వెళితే అప్పుడు ఆ జీతానికి తగ్గ పని చేయగలుగుతారు.

కమ్యూనిటీ హెల్త్ సెంటర్ విషయంలో నాకు కొంత పక్షపాతం ఉందని ముందే ఒప్పుకుంటాను. 1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి మొదటి నర్స్ ప్రాక్టీషనర్ శిక్షణ మొదలుపెట్టింది డాక్టర్లు చాలని చోట పిల్లలకు వైద్యం అందించడానికే. మన వృత్తి పుట్టిందే అలాంటి చోట. 2007లో కనెటికట్‌లోని ఒక కమ్యూనిటీ హెల్త్ సెంటరే ఈ దేశంలో నర్స్ ప్రాక్టీషనర్ల కోసం మొదటి రెసిడెన్సీ పెట్టింది. ఇప్పుడు అలాంటివి దేశమంతటా ఉన్నాయి. ఏడాదిపాటు జీతం తక్కువ, పర్యవేక్షణ ఎక్కువ. మీకొచ్చిన ఆఫరులో అలాంటి ఏర్పాటు ఉందేమో అడగండి. పేరుకు రెసిడెన్సీ అని చెప్పి రెండో నెలనుంచే పూర్తి షెడ్యూలు అప్పగించే చోట్లూ ఉన్నాయి, కాబట్టి ఇక్కడ కూడా వారం వారం ఏం జరుగుతుందో కాగితం మీద చూపించమనండి. అలాగని హెల్త్ సెంటర్లన్నీ స్వర్గధామాలేమీ కావు. ఒకే విజిట్‌లో ఐదు జబ్బులు, ముగ్గురు దుబాసీలు, మందు కొనలేని పరిస్థితి, అన్నీ ఒక్కసారే ఎదురవుతాయి. పక్కన నేర్పేవారు లేకపోతే అక్కడ కూడా మునిగిపోతారు.

రాష్ట్ర చట్టం గురించి మీరు ఒక్క మాటా రాయలేదు. సొంత క్లినిక్ కల ఉన్నవారు అన్నిటికన్నా ముందు చూడాల్సింది అది. నర్స్ ప్రాక్టీషనర్ల జాతీయ సంఘం రాష్ట్రాలను మూడు వర్గాలుగా చూపిస్తుంది: డాక్టరు ప్రమేయం లేకుండా పనిచేసే పూర్తి అధికారం ఉన్నవి, దాన్ని కొంత తగ్గించినవి, బాగా పరిమితం చేసినవి. సగానికి పైగా రాష్ట్రాలు ఇప్పుడు మొదటి వర్గంలో ఉన్నాయి. టెక్సాస్‌లో మందులు రాయాలంటే డాక్టరుతో రాతపూర్వక ఒప్పందం ఉండి తీరాలి. ఫ్లోరిడా 2020లో ప్రైమరీ కేర్‌లో స్వతంత్రంగా పనిచేయడానికి దారి తెరిచింది, కానీ ముందు డాక్టరు పర్యవేక్షణలో 3,000 గంటలు చేసి ఉండాలంది. న్యూయార్క్ 2022లో చేసిన చట్టం 3,600 గంటలు దాటినవారికి డాక్టరుతో ఒప్పందం నుంచి మినహాయింపు ఇచ్చింది. కాలిఫోర్నియాలో 2020 నాటి చట్టం ప్రకారం మూడేళ్లు లేదా 4,600 గంటలు పూర్తిచేస్తే ఒక మెట్టు, డాక్టర్లున్న సంస్థల్లో మాత్రమే స్వేచ్ఛ. పూర్తి స్వేచ్ఛకు ఆ పైన మరో మూడేళ్లు.

ఈ అంకెల్లో మీకు పనికొచ్చే సంగతి ఒకటుంది. చట్టసభలు కూడా మొదటి రెండు మూడేళ్లను నేర్చుకునే కాలంగానే లెక్కగట్టాయి. మీరెలాగూ ఆ గంటలు గడపాలి, అవేవో నిజంగా నేర్పే చోట గడపండి. రెండో సంగతి, ఆ గంటలకు రుజువు కావాలి. మొదటి రోజునుంచి లెక్క రాసి, కొన్ని నెలలకోసారి పర్యవేక్షించే డాక్టరుచేత సంతకం చేయించుకోండి. క్లినిక్కులు చేతులు మారతాయి, డాక్టర్లు రిటైరవుతారు. నాలుగేళ్ల తర్వాత సంతకం కోసం వెతుక్కునే బాధ ఎందుకు? చట్టాలు తరచూ మారుతుంటాయి కాబట్టి నిర్ణయం తీసుకునే ముందు మీ రాష్ట్ర నర్సింగ్ బోర్డు రాసింది ఒకసారి చదవండి. ఒక చిన్న మినహాయింపు: మాజీ సైనికుల ఆస్పత్రుల్లో, అంటే వీఏలో, 2016 చివర్లో వచ్చిన నిబంధన నర్స్ ప్రాక్టీషనర్లకు పూర్తి అధికారం ఇచ్చింది, ఏదో ఒక రాష్ట్రపు లైసెన్సు ఉంటే సరిపోతుంది. కుటుంబంతో ఊళ్లు మారే అవకాశం ఉన్నవారికి ఇది మంచి దారి.

ఇక ఒప్పందపత్రం. దీన్ని లక్ష్యాల్లో చేర్చడం వింతగా అనిపించవచ్చు, కానీ మూడేళ్ల తర్వాత మీరు కదలగలరా లేదా అన్నది ఇక్కడే తేలిపోతుంది. మాల్‌ప్రాక్టీస్ బీమా, అంటే వైద్యంలో పొరపాటు జరిగిందని రోగి దావా వేస్తే కాపాడేది, రెండు రకాలు. ఒకదానిలో సంఘటన జరిగిన రోజు పాలసీ ఉంటే చాలు, దావా ఎప్పుడు వేసినా బీమా వర్తిస్తుంది. దాన్ని ఆకరెన్స్ అంటారు. రెండోది క్లెయిమ్స్ మేడ్. దావా వేసిన రోజున కూడా పాలసీ నడుస్తూ ఉండాలి. మీరు ఉద్యోగం మానేశాక పాత రోగి దావా వేస్తే రక్షణ ఉండదు, దానికోసం టెయిల్ అనే అదనపు బీమా విడిగా కొనాలి. ఆ టెయిల్ ఖర్చు ఏడాది ప్రీమియం కన్నా ఎక్కువే కావచ్చు. అందుకని రకం క్లెయిమ్స్ మేడ్ అయితే ‘టెయిల్ యజమాని చెల్లిస్తారు’ అన్న వాక్యం పత్రంలో కనబడాలి. నోటి మాట చాలదు.

పోటీ నిషేధం, అంటే ఇక్కడ మానేశాక దగ్గర్లో మరోచోట చేరకూడదన్న క్లాజు, కూడా చూడండి: ఎన్ని మైళ్లు, ఎన్ని నెలలు, క్లినిక్ ఒకటేనా, ఆ సంస్థకున్న అన్ని శాఖల నుంచీ లెక్కా? పది శాఖలున్న సంస్థ ప్రతి శాఖ చుట్టూ గీత గీస్తే మీరు ఇల్లు మారాల్సిందే. 2024లో వ్యాపార పోటీని పర్యవేక్షించే కేంద్ర సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇలాంటి షరతులను దేశమంతటా నిషేధించబోతే కోర్టు అడ్డుకుంది, కాబట్టి మీ రాష్ట్రంలో చెల్లుతుందో లేదో అక్కడి చట్టాన్నిబట్టే ఉంటుంది. ఉద్యోగ ఒప్పందాలు చూసే న్యాయవాదికి ఒకసారి ఫీజు ఇచ్చి చదివించుకోండి. ఈ వృత్తిలో పెట్టే ఖర్చుల్లో ఇంత త్వరగా తిరిగొచ్చేది మరొకటి లేదు.

జీతం గురించి మొహమాటపడొద్దు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. నర్సులుగా మనకు ఇచ్చిన స్కేలు తీసుకోవడమే అలవాటు, బేరమాడడం రాదు. అయితే మొదటి ఉద్యోగంలో నేను జీతానికి ముందు వేరేవి అడగమంటాను: రోగుల సంఖ్య నెమ్మదిగా పెంచడం, వారానికి ఒక పూట చార్టులకు, ఇన్‌బాక్సుకు, సీనియరుతో గంటసేపు మాట్లాడుకోవడానికి. డబ్బు పెంచలేమన్న మేనేజర్లు కూడా వేళ ఇవ్వడానికి కొంత ఒప్పుకుంటారు.

డబ్బు లెక్కలోనే మరొకటి, ఇది కాలేజీలో సరిగ్గా చెప్పరు. మీ పేరుమీద బిల్లు వేస్తే మెడికేర్ (ప్రధానంగా వృద్ధులకు ఉన్న ప్రభుత్వ ఆరోగ్య బీమా) డాక్టరుకిచ్చే రేటులో 85 శాతం ఇస్తుంది. ‘ఇన్సిడెంట్ టు’ అనే పద్ధతిలో డాక్టరు పేరుమీద వేస్తే 100 శాతం ఇస్తుంది. దానికి షరతులున్నాయి: కొత్త రోగికి, పాత రోగి కొత్త సమస్యకు అది చెల్లదు, డాక్టరు పర్యవేక్షణ నిబంధనల ప్రకారం ఉండాలి. ఆ పదిహేను శాతం కోసం కొన్ని క్లినిక్కులు వీలైనవన్నీ డాక్టరు పేరుమీదే వేస్తాయి. అప్పుడు మీరు చూసిన రోగులు లెక్కల్లో మీ పేరున కనబడరు. రెండేళ్ల తర్వాత జీతం పెంచమని అడిగితే చూపించడానికి ఏమీ ఉండదు. షరతులు పాటించకుండా అలా వేస్తే చిక్కు మీకూ చుట్టుకుంటుంది. చేరేముందే బిల్లింగు ఎలా చేస్తారో అడిగి తెలుసుకోండి, మీ విజిట్ల లెక్క మీరు విడిగా ఉంచుకోండి. ‘రెండేళ్లకు నా సొంత అంకెలు నా దగ్గర ఉండాలి’ అన్నది మంచి లక్ష్యం.

చదువు అప్పు ఉందని రాశారు. లాభాపేక్ష లేని సంస్థలోనో ప్రభుత్వ సంస్థలోనో పూర్తికాలం పనిచేస్తూ 120 అర్హమైన వాయిదాలు కడితే మిగిలిన ఫెడరల్ అప్పు మాఫీ అవుతుంది. నర్స్ కోర్ అనే ప్రభుత్వ పథకం, డాక్టర్లు చాలని చోట రెండేళ్లు పనిచేస్తే అప్పులో 60 శాతం కడుతుంది, ఇష్టపడి మూడో ఏడు కూడా ఉంటే మరో 25 శాతం. అయితే ఆ మొత్తంపై పన్ను ఉంటుంది. ఇలాగే అప్పు తీర్చే మరో ప్రభుత్వ పథకం నేషనల్ హెల్త్ సర్వీస్ కోర్ ఇచ్చేదానిపై పన్ను లేదు. మనవాళ్లలో చాలామందికి తెలియని సంగతి: నర్స్ కోర్‌కు గ్రీన్ కార్డు ఉంటే చాలు, నేషనల్ హెల్త్ సర్వీస్ కోర్‌కు మాత్రం పౌరసత్వం కావాలి. మీ పౌరసత్వం ఏ దశలో ఉందో చూసుకుని ఏ పథకానికి ఏ ఏడాది దరఖాస్తు చేయాలో తారీఖులతో సహా రాసుకోండి. హెల్త్ సెంటర్ ఇచ్చే తక్కువ జీతానికి ఈ లెక్క కలిపి అప్పుడు రెండు ఆఫర్లూ పోల్చండి. తేడా మీరు అనుకున్నంత ఉండకపోవచ్చు.

స్పెషాలిటీ గురించి క్లుప్తంగా. మీ సర్టిఫికేషన్ ఫ్యామిలీ అయినప్పుడు, పుట్టిన పిల్లలనుంచి వృద్ధులదాకా చూడవచ్చు, కానీ ప్రైమరీ కేర్ పరిధిలో. 2008లో వచ్చిన జాతీయ నమూనా ప్రకారం ఎవరిని చూడవచ్చన్నది చదువు, సర్టిఫికేషన్ నిర్ణయిస్తాయి. పాత అనుభవం బలంగా ఉంది కదా అని ఐసీయూలో చేరితే చదువుకు, పనికి పొత్తు కుదరదు. ఐసీయూ గానీ మానసిక వైద్యం గానీ నిజంగా కావాలంటే మాస్టర్స్ తర్వాత చేసే ప్రత్యేక సర్టిఫికెట్ కోర్సు ఉంది. అది మూడో ఏటి లక్ష్యంగా పెట్టుకోండి, ఇప్పుడే కాదు. మొదటి ఏడాది మీ దగ్గరకు వచ్చే రోగుల్లో ఎంతమంది నిద్రలేమి, ఆందోళన, దిగులు గురించి మాట్లాడతారో చూశాక మీ అభిప్రాయం మారవచ్చు, లేదా గట్టిపడవచ్చు.

డాక్టరేటు మీద నా అభిప్రాయం కొందరికి నచ్చదు. 2015 నాటికి నర్స్ ప్రాక్టీషనర్లందరికీ డాక్టరేటు ఉండాలని నర్సింగ్ కాలేజీల సంఘం 2004లోనే అంది. తర్వాత 2025 అని మరో సంఘం అంది. ఇప్పటికీ మాస్టర్స్‌తో సర్టిఫికేషన్ వస్తోంది, లైసెన్సు వస్తోంది. బోధన, పరిపాలన, క్లినిక్ వ్యవస్థను మార్చే పని మీద మనసుంటే చేయండి, చాలా ఉపయోగం. పేరు పక్కన అక్షరాల కోసమైతే, అందులోనూ మొదటి ఉద్యోగంలో కుదురుకోకముందే అయితే, వద్దు. పగలంతా రోగులు, రాత్రంతా అసైన్‌మెంట్లు అంటే రెండూ సగం సగం అవుతాయి. క్లినిక్‌లో మీకు ఒక సమస్య కనిపించి ‘దీన్ని బాగుచేయాలి’ అని కసి పుట్టినప్పుడు చేస్తే ప్రాజెక్టు దానంతటదే దొరుకుతుంది.

కాగితాల పని లక్ష్యం కాదు, కానీ తారీఖులు వేసుకోకపోతే అదే మిమ్మల్ని ఆపేస్తుంది. సర్టిఫికేషన్ పరీక్ష చదువు వేడి మీదున్నప్పుడే రాసేయండి. తర్వాత రాష్ట్ర లైసెన్సు, ఎన్‌పీఐ నంబరు (బిల్లులు వేయడానికి కావాల్సిన జాతీయ గుర్తింపు సంఖ్య), డీఈఏ రిజిస్ట్రేషన్ (నియంత్రిత మందులు రాయడానికి కేంద్ర అనుమతి). డీఈఏకు మాదకద్రవ్యాల వ్యసనంపై 8 గంటల శిక్షణ అవసరం, మీ కోర్సులోనే అది ఉండవచ్చు, ముందు కాలేజీని అడగండి. మీ అర్హతలు సరిచూసి తమ జాబితాలో చేర్చుకునే బీమా సంస్థల క్రెడెన్షియలింగ్‌కు నెలలు పడుతుంది, కాబట్టి వార్డు ఉద్యోగానికి తొందరపడి రాజీనామా ఇవ్వొద్దు. సర్టిఫికేషన్‌ను ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి, అందుకు కావాల్సిన సీఈ (కొనసాగింపు శిక్షణ) సర్టిఫికెట్లన్నీ మొదటినుంచి ఒకే ఫోల్డర్లో పెట్టుకోండి.

సొంత క్లినిక్ సంగతి. ఆ కలను జాబితాలోంచి తీసేయమనడం లేదు. కానీ ‘ఐదేళ్ల తర్వాత క్లినిక్’ అని రాస్తే ఐదో ఏట మీకు ఏమీ తెలియదు. దాన్ని చిన్న పనులుగా విడగొట్టండి. రెండో ఏడాది బిల్లింగు చూసే ఉద్యోగి పక్కన ఒక పూట కూర్చుని, తిరస్కరించిన క్లెయిములు ఎందుకు తిరిగొస్తున్నాయో చూడండి. మూడో ఏడాది మీ రాష్ట్రంలో సొంత క్లినిక్ నడుపుతున్న నర్స్ ప్రాక్టీషనరును కలిసి, అద్దె ఎంత, మొదటి ఏడాది ఎలా గడిచిందో అడగండి. మనవాళ్లు ఈ విషయాలు అడిగితే దాచరు, గంటల తరబడి చెబుతారు. ఆ మాటలు విన్నాక కూడా కల అలాగే ఉంటే అప్పుడు బ్యాంకుకు వెళ్లండి.

అర్జెంట్ కేర్ వాళ్లు ఈ శుక్రవారంలోగా సంతకం కావాలన్నారని రాశారు. మరో వారం గడువు అడగండి, అడిగినంత మాత్రాన ఆఫరు వెనక్కి తీసుకుంటే అలాంటి చోటికి వెళ్లనందుకు బాధపడక్కర్లేదు. ఆ వారంలో హెల్త్ సెంటరుకు వెళ్లి ఒక పూట అక్కడి నర్స్ ప్రాక్టీషనర్ వెంట ఉండండి. మీ చార్టులు చూడబోయే వ్యక్తి పేరు అడిగి, వారితో పదిహేను నిమిషాలు విడిగా మాట్లాడండి. ‘కొత్తగా చేరినవారు పోయిన ఏడాది మిమ్మల్ని అడిగిన ప్రశ్న ఒకటి చెప్పండి’ అని అడగండి. వెంటనే ఒక కేసు చెప్పగలిగితే అక్కడ సంతకం చేయండి. ‘వాళ్లు బాగానే చేసుకుంటారు, ఎప్పుడూ ఏమీ అడగరు’ అంటే మూడో ఆఫరు కోసం వెతకండి, మేలో పట్టా చేతికొచ్చాక కూడా వ్యవధి ఉంటుంది.